ఛార్జ్ అంటే జర్మన్‌లో ఏమిటి? ముందు ‘ఎక్కడి ఛార్జ్’ అని అడగండి

హన్మకొండలో జర్మన్ నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: “అన్నా, ఈ ఇంగ్లిష్ పదానికి జర్మన్‌లో ఏమంటరు?” ప్రశ్నలో తప్పు లేదు గానీ అది సగమే. ఉదాహరణకు ‘ఛార్జ్’ తీసుకోండి. బస్టాండులో కరీంనగర్‌కు ఛార్జీ ఎంత అని అడుగుతాం. ఫోన్‌లో ఛార్జ్ అయిపోయిందంటాం. ఆసుపత్రిలో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని పిలవమంటాం. పోలీసులు ఛార్జిషీట్ వేశారని, లాఠీఛార్జ్ చేశారని పేపర్లో చదువుతాం. వీటిలో ఏ రెండింటికీ జర్మన్‌లో ఒకే మాట సరిపోదు.

నర్సింగ్ పూర్తిచేసి విదేశాల్లో ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానో సొంతంగానో జర్మనీ వెళ్లాలనుకునేవాళ్లు, అక్కడ ఎంఎస్‌కు అప్లై చేసేవాళ్లు రెజ్యూమె, మోటివేషన్ లెటర్, మెయిళ్లు జర్మన్‌లో రాసుకోవడానికి పనికొచ్చే పద్ధతి ఇది. జర్మన్‌లో ఏ2 (కింది నుంచి రెండో స్థాయి) వరకు వచ్చినవాళ్లు ఇబ్బంది లేకుండా పాటించవచ్చు. జర్మన్ మాటలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. కాగితం మీద పెట్టేముందు స్పెల్లింగ్ నిఘంటువులో చూసుకోండి.

1. పదాన్ని కాదు, వాక్యాన్ని రాసుకోండి

యాప్ తెరవకముందే నోట్‌బుక్‌లో ఆ పదం ఉన్న వాక్యం మొత్తం రాయండి. పక్కన రెండు ముక్కలు చేర్చండి: ఇది ఏ కాగితంలో ఉంది, దీన్ని చదివేది ఎవరు. హాస్టల్ రసీదులో ఛార్జ్ వేరు, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఛార్జ్ వేరు.

మనం చివరిదాకా పట్టుకునే వాక్యం ఇది: ‘ఆమె నైట్ డ్యూటీలో ఐసీయూ ఇన్‌ఛార్జ్‌గా పనిచేశారు.’ ప్రైవేటు ఆసుపత్రులిచ్చే లెటర్లలో ఇలాంటి వాక్యం కనిపిస్తూనే ఉంటుంది. చదివేది జర్మనీలోని ఆసుపత్రి హెచ్ఆర్ లేదా నర్సింగ్ విభాగం హెడ్.

2. ఇంగ్లిష్ మాట ముట్టుకోకుండా తెలుగులో చెప్పండి

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద మెట్టు ఇదే. నేరుగా ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కు దూకేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. మనకు ఇంకో భాష ఉంది కదా, దాన్ని జల్లెడలా వాడుకోవాలి. ఒకే షరతు: ‘ఛార్జ్’ అనే మాట మీ తెలుగు వాక్యంలో రాకూడదు.

బస్సు ఛార్జీ అంటే ప్రయాణానికి ఇచ్చే డబ్బు. సర్వీస్ ఛార్జ్ అంటే రుసుము. ఛార్జిషీట్ అంటే అభియోగపత్రం. ఇన్‌ఛార్జ్ అంటే బాధ్యత చూసే మనిషి. తెలుగు మీడియంలో ఫిజిక్స్ చదివినవాళ్లకు ఇంకోటి కూడా తెలుసు: విద్యుదావేశం. ధనావేశం, రుణావేశం అని బట్టీ పట్టినవి ఇన్నేళ్లకు అక్కరకొస్తాయి. ఇంగ్లిష్‌లో ఎలక్ట్రిక్ ఛార్జ్, ఎలక్ట్రిసిటీ ఛార్జెస్ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. తెలుగులో ఒకటి విద్యుదావేశం, ఇంకోటి కరెంటు బిల్లు, ఎవరూ కలిపేయరు. జర్మన్‌లోనూ అంతే. మొదటిది ఎలెక్ట్రిషె లాడుంగ్, రెండోది ష్ట్రోమ్‌కోస్టెన్.

మన దగ్గర వాడే ఇంగ్లిష్‌తో ఇంకో చిక్కుంది. బస్సు ఛార్జీని ఇంగ్లిష్‌వాళ్లు ఛార్జ్ అనరు, ఫేర్ అంటారు. ‘నేను 2021లో పాసౌట్ అయ్యాను’ అంటే మనకు డిగ్రీ అయిపోయిందని అర్థం. నిఘంటువు దృష్టిలో స్పృహ తప్పి పడిపోయారని కూడా అర్థమే. ‘2021 బ్యాచ్’, ‘బ్యాక్‌లాగ్స్’, ‘ఐసీయూ పోస్టింగ్’, ‘మార్క్స్ మెమో’ ఇవన్నీ ఈ కోవలోనివే. వీటిని ముందు తెలుగులో విప్పుకుంటే చదువు పూర్తయింది, ఆ ఏడాది బ్యాచ్‌లో చదివారు, మిగిలిపోయిన పేపర్లు ఉన్నాయి, ఐసీయూలో డ్యూటీ వేశారు, మార్కుల జాబితా అని తేలుతుంది. జర్మన్ వెతకాల్సింది ఈ అర్థాలకు.

మన వాక్యాన్ని ఇలా విప్పితే: ‘రాత్రి పనిచేసేటప్పుడు ఐసీయూలో ఆ పూట ఉన్న నర్సుల బాధ్యత ఆమెది.’ ఇన్‌ఛార్జ్ ఆ పూటకే, మొత్తం వార్డుకు కాదు. ఈ తేడా ఇంగ్లిష్ వాక్యంలో కనబడలేదు, తెలుగులో చెప్పబోతే బయటపడింది. లెటర్ ఇచ్చినవాళ్లను అడిగి ఖాయం చేసుకోండి.

3. నామవాచకమా, క్రియా? ఏ విభక్తి?

ఇంగ్లిష్‌లో ఛార్జ్ నామవాచకంగానూ క్రియగానూ అదే రూపంలో ఉంటుంది. జర్మన్‌లో అలా నడవదు. నామవాచకం పెద్దక్షరంతో మొదలవుతుంది, దానికి లింగాన్ని బట్టి డేర్, డీ, దస్‌లలో ఒకటి తగిలించాలి. క్రియ అయితే ఎవరిని, ఎవరికి, దేనిని అన్నవి తేలాలి.

ఫోన్ ఛార్జ్ చేయడం ఆవుఫ్‌లాడెన్. ఇది విడిపోయే క్రియ, వాక్యంలో ‘ఆవుఫ్’ చివరికి పోతుంది: ఇష్ లాడె మైన్ హాండీ ఆవుఫ్. డబ్బు వేయడం బెరెష్నెన్. నేరం మోపడం ఆన్‌క్లాగెన్.

విభక్తులు చదువుకున్న మనకు ఇక్కడ ఒక సుఖం ఉంది. ‘నాకు ఇరవై యూరోలు వేశారు’ అంటాం, ‘నన్ను వేశారు’ అనం. జర్మన్‌లోనూ బెరెష్నెన్‌కు మనిషి డేటివ్‌లోనే, అంటే మన ‘కు’ అర్థంలోనే వస్తాడు: మాన్ హాట్ మియర్ ట్స్వాన్‌ట్సిష్ ఒయ్‌రో బెరెష్నెట్. ఇంగ్లిష్‌లో ‘నాకు’, ‘నన్ను’ రెండింటికీ ‘మీ’ అన్న ఒక్క మాటే సరిపోతుంది కాబట్టి ఈ తేడా కనబడదు. అన్నిచోట్లా ఇలా కుదరదు లెండి. మనం ‘అతనిపై అభియోగం మోపారు’ అంటాం, ఆన్‌క్లాగెన్‌లో ఆ మనిషి ద్వితీయలో (మన ‘ను’ అర్థంలో) ఉంటాడు, నేరం జెనిటివ్‌లో (మన ‘యొక్క’ అర్థంలో) ఉంటుంది. క్రియ దొరికిన వెంటనే దాని విభక్తిని కూడా పక్కనే రాసుకోవడం అలవాటు చేసుకోండి.

4. నిఘంటువులో మొదటి మాట దగ్గర ఆగకండి

లియో, పాన్స్, డిక్ట్ డాట్ సీసీ అనే ఆన్‌లైన్ నిఘంటువులు మూడూ ఉచితమే. ఛార్జ్ కొట్టగానే పొడవాటి జాబితా వస్తుంది. మాటల పక్కన చిన్న అక్షరాల్లో న్యాయం, విద్యుత్, ఫైనాన్స్, సైన్యం అని రంగం పేరు ఉంటుంది. రెండో మెట్టులో మీరు చెప్పిన తెలుగు అర్థం ఏ రంగానిదో ఆ వరసలు మాత్రమే చదవండి. మిగతావి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

డబ్బు అర్థంలో వచ్చేవాటి దగ్గర కొంచెం ఆగుదాం. జర్మనీ వెళ్లే ప్రతివాళ్లకూ తగిలేవి ఇవే. గెబ్యూర్ అంటే ఆఫీసు గానీ బ్యాంకు గానీ ఏదైనా పని చేసిపెట్టినందుకు తీసుకునే రుసుము. వీసా ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు అందులోకి వస్తాయి. బైట్రాగ్ అంటే అందరూ క్రమం తప్పకుండా కట్టే వాటా. యూనివర్సిటీకి ప్రతి సెమిస్టర్ కట్టేది సెమెస్టర్‌బైట్రాగ్, హెల్త్ ఇన్సూరెన్స్‌కు నెలనెలా కట్టేదీ బైట్రాగే. ప్రైస్ అంటే ధర, బస్సు టికెట్ ధర ఫార్‌ప్రైస్. కోస్టెన్ అంటే అయ్యే ఖర్చు, ఇది బహువచనంలోనే ఉంటుంది. ఎక్స్‌ట్రా ఛార్జ్ అయితే ఆవుఫ్‌ప్రైస్. అసలు డబ్బే లేకపోతే కోస్టెన్‌లోస్.

అద్దె ఇల్లు చూసేటప్పుడు మన ‘మెయింటెనెన్స్ ఛార్జెస్’ కోసం గెబ్యూర్ వెతికితే దొరకదు. అక్కడ ఆ మాట నేబెన్‌కోస్టెన్. ప్రకటనలో కాల్ట్‌మీటె అని ఉంటే ఇవి కలపని అద్దె, వార్మ్‌మీటె అని ఉంటే హీటింగుతో సహా కలిపిన అద్దె. కాల్ట్‌మీటె చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లకు మొదటి నెలలోనే టెన్షన్ మొదలవుతుంది.

మన వాక్యానికి వస్తే, బాధ్యత అర్థంలో మూడు దొరుకుతాయి: త్సూష్టెండిష్, ఫెరాంట్‌వోర్ట్‌లిష్, లైటుంగ్. మొదటిది ఆ పని ఎవరి పరిధిలోదో చెబుతుంది, రెండోది తేడా వస్తే జవాబు చెప్పాల్సింది ఎవరో చెబుతుంది, మూడోది నడిపించడం. మూడూ రాసుకోండి, ఇంకా తేల్చకండి.

5. దొరికిన మాటను వెనక్కి తిప్పి చూడండి

ఇప్పుడు ఇంగ్లిష్ పక్కన పెట్టి, దొరికిన జర్మన్ మాటను జర్మన్-జర్మన్ నిఘంటువులో చూడండి. డూడెన్ ఒకటి. బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ సైన్స్ అకాడమీ నడిపే డీడబ్ల్యూడీఎస్ ఇంకొకటి. ఈ రెండోదాంట్లో ఆ మాట పక్కన మామూలుగా ఏ మాటలు వస్తాయో కూడా చూపిస్తారు. నిర్వచనం పూర్తిగా అర్థం కాకపోయినా ఉదాహరణ వాక్యాలు చదవండి. అవి మీ విషయం గురించే మాట్లాడుతున్నాయా లేదా అన్నది తెలిసిపోతుంది.

జర్మన్ మాటలూ తక్కువవేం కాదు. లాడుంగ్ అంటే విద్యుదావేశం అన్నాం కదా, లారీలో వేసిన సరుకు కూడా లాడుంగే. కోర్టు పంపే సమన్లను కూడా లాడుంగ్ అంటారు. అది వాక్యంలో ఒంటరిగా పడితే చదివేవాళ్లు తికమకపడొచ్చు.

దీనికి మించింది, జర్మన్‌లో అదే స్పెల్లింగుతో షార్జె అనే మాట ఉంది. ఫ్రెంచి నుంచి వచ్చింది. మందుల తయారీలో ఒక విడతను అలా అంటారు. టీకా సీసా మీద మనం బ్యాచ్ నంబర్ అనేదాన్ని వాళ్లు షార్జెన్‌నుమ్మర్ అంటారు. నర్సులు రోజూ చూసే మాటే. కాబట్టి ఛార్జ్‌ను అలాగే జర్మన్ వాక్యంలో దింపేస్తే బిల్లు అడిగినచోట మందుల బ్యాచ్ ప్రత్యక్షమవుతుంది. ‘2021 బ్యాచ్ విద్యార్థిని’ అని రాయడానికి షార్జె వాడినా నవ్వుకుంటారు, మనుషులకు అది పనికిరాదు. అక్కడ యార్‌గాంగ్ అనాలి.

6. అతికించిన మాట కోసం చూడండి

జర్మన్‌వాళ్లు అర్థాన్ని విశేషణాలతో కంటే మాటలు అతికించి తేల్చేస్తారు. ఒంటరిగా లైటుంగ్ అంటే నాయకత్వం, నీళ్ల పైపు, టెలిఫోన్ లైను అన్నీ వస్తాయి. షిష్ట్‌లైటుంగ్ అనగానే షిఫ్టు ఇన్‌ఛార్జ్ ఒక్కటే మిగులుతుంది. ష్టాట్సియోన్స్‌లైటుంగ్ అంటే వార్డు మొత్తానికి ఇన్‌ఛార్జ్. అన్నట్టు, స్టేషన్ అనగానే మనకు కాజీపేట గుర్తొస్తుంది. జర్మన్ ఆసుపత్రిలో ష్టాట్సియోన్ అంటే వార్డు, రైలెక్కేది బాన్‌హోఫ్‌లో.

రెండిటిలో ఏది రాయాలి? పెద్దగా వినిపిస్తుంది కదా అని ష్టాట్సియోన్స్‌లైటుంగ్ రాయకండి. జర్మనీలో ఆ హోదాకు మామూలుగా అదనపు ట్రైనింగ్ ఉంటుంది, డ్యూటీ రోస్టర్ వేయడం, సిబ్బందిని చూసుకోవడం అన్నీ అందులో భాగం. ఇంటర్వ్యూలో అవే అడుగుతారు. మన వాక్యంలోని ఆవిడ రాత్రి పూట షిఫ్టు చూశారు కాబట్టి షిష్ట్‌లైటుంగ్ సరైనది.

అతికిన మాటకు డేర్, డీ, దస్ దేన్నిబట్టి? చివరి ముక్కను బట్టి. డీ లైటుంగ్ కాబట్టి డీ షిష్ట్‌లైటుంగ్.

ఇక డ్యూటీ. అది కూడా పెద్ద పుట్టే. ధర్మం అనే అర్థంలో ఫ్లిష్ట్, విదేశీ సరుకు మీద సుంకం త్సోల్, ఆసుపత్రిలో పూట పని డీన్స్ట్. అక్కడి నర్సులు మార్నింగ్, ఈవినింగ్, నైట్ డ్యూటీలను ఫ్ర్యూడీన్స్ట్, ష్పేట్‌డీన్స్ట్, నాఖ్ట్‌డీన్స్ట్ అంటారు. ఇప్పుడు వాక్యం కట్టొచ్చు: ఇమ్ నాఖ్ట్‌డీన్స్ట్ వార్ జీ ఆల్స్ షిష్ట్‌లైటుంగ్ ఆవుఫ్ డేర్ ఇంటెన్సీఫ్‌ష్టాట్సియోన్ టేటిష్. మీ రెజ్యూమెలోకి తెచ్చుకునేటప్పుడు ‘ఆమె’ స్థానంలో ‘నేను’ వస్తుంది, క్రియ ‘వార్’ మాత్రం మారదు.

7. మెషీన్‌ను చివర్లో పిలవండి

డీప్ఎల్, గూగుల్ లాంటి అనువాద యాప్‌లు వాడొద్దని చెప్పను. డీప్ఎల్ కొలోన్ నగరానికి చెందిన కంపెనీ, 2017 నుంచి నడుస్తోంది, జర్మన్ బాగానే రాస్తుంది. కానీ ఒంటి పదం ఇస్తే దానికి మీ సందర్భం ఏం తెలుస్తుంది? వాక్యం మొత్తం ఇవ్వండి, ముందూ వెనకా ఇంకో వాక్యం కూడా జోడించండి. మీరు కట్టిన జర్మన్ వాక్యాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి చూడటం నాకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మీరు అనుకోని అర్థమేదైనా అందులో వస్తే ఐదో మెట్టుకు వెళ్లండి.

ఇంకో పరీక్ష: మీ అతికిన మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టి గూగుల్‌లో వెతకండి. జర్మన్ ఆసుపత్రుల ఉద్యోగ ప్రకటనల్లో అది కనిపిస్తే నిశ్చింతగా వాడండి. ఎక్కడా రాకపోతే అది మీరు సొంతంగా పుట్టించిన మాట.

సర్టిఫికెట్ అనే పెద్ద ముడి

ఇదే పద్ధతిని సర్టిఫికెట్ మీద పెట్టి చూడండి, ఎందుకంటే ఎక్కువమంది చిక్కుకునేది దీని దగ్గరే. మీసేవలో తీసుకున్నా, కాలేజీలో తీసుకున్నా, డాక్టర్ దగ్గర తీసుకున్నా మనకు అన్నీ సర్టిఫికెట్లే. జర్మన్‌లో త్సెర్టిఫికాట్ అనే మాట ఉంది గానీ దాని పరిధి చిన్నది, భాషా పరీక్షలు, కోర్సుల్లాంటివాటికి.

చట్టపరంగా ఒక విషయాన్ని నెలకొల్పే కాగితం ఊర్‌కుండె. పుట్టిన సర్టిఫికెట్ గెబుర్ట్స్‌ఊర్‌కుండె, పెళ్లి సర్టిఫికెట్ హైరాట్స్‌ఊర్‌కుండె. డిగ్రీ పట్టా కూడా ఊర్‌కుండెనే. ఎలా చదివారు, ఎలా పనిచేశారు అని చెప్పేది త్సోయ్‌గ్నిస్. ఒక వాస్తవం నిజమేనని ధ్రువీకరించే మామూలు కాగితం బెషైనిగుంగ్, మన బోనఫైడ్ అందులోకి వస్తుంది: ష్టూడియెన్‌బెషైనిగుంగ్. ఏదైనా ఉందని రుజువు చూపేది నాఖ్‌వైస్. ఆదాయ సర్టిఫికెట్‌ను ఐన్‌కొమెన్స్‌నాఖ్‌వైస్ అనొచ్చు. డాక్టర్ ఇచ్చేది అటెస్ట్.

మన లాంగ్ మెమో, కన్సాలిడేటెడ్ మెమోలను మెమో అని రాస్తే జర్మన్‌వాళ్లకు ఆఫీసు చీటీ అనిపిస్తుంది. అవి మార్కులు చూపే కాగితాలు, నోటెన్‌ఊబెర్‌జిష్ట్ అంటే సరిపోతుంది. ఇంటర్మీడియట్‌ను అబిటూర్ (జర్మనీలో స్కూలు చదువు చివర రాసే పరీక్ష) అని మార్చకండి. పరీక్ష పేరు అలాగే ఉంచి, పన్నెండో తరగతితో ముగిసే స్కూలు చదువు అని పక్కన వివరణ రాయండి.

కాలేజీ ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. మాటకు మాట పెడితే ఫ్యూరుంగ్స్‌త్సోయ్‌గ్నిస్ వస్తుంది. ఆ మాటకు జర్మనీలో అర్థం నేర చరిత్ర ఉందో లేదో చూపే ప్రభుత్వ కాగితం, మన పోలీస్ క్లియరెన్స్ లాంటిది. ప్రిన్సిపాల్ సంతకం ఉన్న కాగితం మీద ఆ పేరు చూస్తే అధికారికి అనుమానం వస్తుంది. కాలేజీలో నడవడిక బాగుందని ధ్రువీకరించే కాగితం అని వివరంగా రాయడమే మంచిది.

ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో తేదీలు, హోదా మాత్రమే ఉంటే టేటిష్‌కైట్స్‌నాఖ్‌వైస్ చాలు. పని ఎలా చేశారో కూడా ఉంటే ఆర్‌బైట్స్‌త్సోయ్‌గ్నిస్. జర్మనీలో ఉద్యోగం మానేటప్పుడు ఈ రెండోది అడిగి తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది, అందుకే అక్కడి హెచ్ఆర్ వాళ్లు దాన్ని ఒక్కో మాటా పట్టి చదువుతారు. రిలీవింగ్ లెటర్ రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. రిలీవ్ అయ్యారనడానికి ఎంట్‌లాసెన్ పెట్టేస్తే ఉద్యోగంలోంచి తీసేశారని చదువుకుంటారు. పేషెంటును డిశ్చార్జ్ చేయడానికి మాత్రం ఆ క్రియే సరైనది, డిశ్చార్జ్ సమ్మరీని ఎంట్‌లాసుంగ్స్‌బ్రీఫ్ అంటారు. మీరు మీ ఇష్టంతో మానేసి ఉంటే ‘ఆవుఫ్ ఐగెనెన్ వున్ష్’ అని రాయాలి. సొంత కోరికపై అని అర్థం, అక్కడ అందరికీ తెలిసిన మాట.

ఎక్కడ మీరు ఆగాలి

రెజ్యూమె, మెయిల్, మోటివేషన్ లెటర్ మీరు రాసుకోవచ్చు. నర్సింగ్ డిగ్రీ గుర్తింపుకు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు పంపే సర్టిఫికెట్ల అనువాదం మాత్రం మీరు చేసినా చెల్లదు. సాధారణంగా కోర్టు దగ్గర ప్రమాణం చేసిన అనువాదకుల చేతే చేయించాలి. జర్మనీ రాష్ట్రాల న్యాయశాఖలన్నీ కలిసి అలాంటి అనువాదకుల జాబితాను ఇంటర్నెట్‌లో ఉంచాయి, భాషను బట్టి వెతకొచ్చు.

వాళ్లకు పంపేటప్పుడు మీరు పైన చేసిన పనంతా ఒక పేజీలో పెట్టి ఇవ్వండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, జీఎన్ఎం, ఎస్ఎస్‌సీ లాంటి పొట్టి పేర్ల పూర్తి రూపం, ఇన్‌ఛార్జ్ అంటే మీ ఆసుపత్రిలో కచ్చితంగా ఏం చేశారు అన్నది. ధర చాలావరకు లైన్ల లెక్కన చెబుతారు, ఖాళీలతో కలిపి 55 అక్షరాలు ఒక లైను. స్టాంపుల మీది రాతలు కూడా అనువాదంలోకి వస్తాయి కాబట్టి మసకగా ఉన్న స్కాన్ పంపకుండా ఒరిజినల్‌ను మళ్లీ స్కాన్ చేసి పంపండి.